మాస్టారి బొటనవేలు

మాస్టారి దగ్గర చదివినవాడు పరీక్ష తప్పడు. ఆ విమానాల కంపెనీలో ఇది అందరికీ తెలిసిన మాటే. శిక్షణ కేంద్రంలో ఆయన గది గోడ మీద ఇరవై రెండేళ్ళ బ్యాచుల ఫొటోలు వరసగా వేలాడుతుంటాయి. ప్రతి ఫొటోలోనూ మధ్యలో ఆయనే, చేతులు కట్టుకుని, నవ్వకుండా. కొత్తవాళ్ళెవరైనా వచ్చి, "ఇంతమందిలో ఒక్కరు కూడా ఫెయిల్ కాలేదా సార్?" అని నోరు వెళ్ళబెడితే, "నన్నెందుకయ్యా, వాళ్ళనే అడుగు" అనేవారు. నిజానికి ఎవరైనా వెళ్ళి వాళ్ళని అడిగితే బాగుండునని ఆయనకి లోపల ఎంతో ఉండేది.

మాస్టారి విమానం ఎగరదు. పెద్ద హాలు మధ్యలో వంగి లేచే ఆరు ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ తెల్లటి పెట్టె అది. సిమ్యులేటర్ అంటారు. లోపల పైలట్ల గది మాత్రం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అవే సీట్లు, అవే మీటలు, అద్దాల్లో మబ్బులు కూడా. కానీ వెనక్కి తిరిగి తలుపు తీస్తే ప్రయాణికులుండరు. ఓ చిన్న ఇనుప వంతెన, దాని చివర మెట్లు, మెట్ల కింద మంచినీళ్ళ ఫిల్టరు. అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మాస్టారు గుర్తుపెట్టుకోలేదు.

ముప్ఫై తొమ్మిది వేల అడుగుల ఎత్తున గాలి బాగా పల్చబడిపోతుంది. అక్కడ జెట్ విమానం వేగానికి కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. రెంటికీ మధ్య సందు బహు ఇరుకు. వేగం కింది గీతకి దిగిపోతే రెక్కలు మొయ్యనంటాయి. పై గీత దాటితే అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఎదురుగాలి ఉన్నట్టుండి పెరిగిందంటే, పైలట్ ఏ పాపమూ ఎరక్కపోయినా వేగం ముల్లు పై గీత వైపు పరుగు తీస్తుంది. అప్పుడేం చెయ్యాలో పుస్తకంలో స్పష్టంగానే ఉంది. ఆటోపైలట్‌ని కదపొద్దు. ఇంజన్ల జోరు తగ్గించి, రెక్కల మీది బ్రేకు పలకలు లేపు. విమానం ముక్కు జోలికి మాత్రం పోకు. ఆ పైన అలారం మోగితే మోగనీ, కాసేపటికి మూగబోతుంది, దిగాక ఇంజనీర్లు ఓసారి చూసుకుంటారు.

అయితే పరీక్షలో అలారం మోగితే మార్కులు కోసేస్తారు. ఆ నియమం ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, దానికి మాస్టారు ఓ చిట్కా కనిపెట్టారు. ముల్లు పరుగందుకోగానే, విమానం ముక్కుని లేపే దించే స్టిక్ మీది ఎర్ర బొత్తాన్ని బొటనవేలితో నొక్కి ఆటోపైలట్‌ని తీసెయ్యడం, ఆ స్టిక్‌ని వెనక్కి లాగడం, రెండు సెకన్లు పట్టి వదిలెయ్యడం. ముక్కు పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది, అలారం కిక్కురుమనదు. కుర్చీ వెనక నిలబడి, శిష్యుల భుజం మీద చెయ్యేసి, పాఠం చెప్పినట్టు చెప్పేవారు: "బొటనవేలు. ఒకటి... రెండు... వదులు." శిష్యులు దాన్ని ఎక్కంలా కంఠస్థం చేసేవారు.

ఈ చిట్కా ఆయనకి వయసులో ఉండగా అబ్బింది. చెవి పాడై నేల మీదకి దిగక ముందు ఆయన నడిపినవన్నీ సరుకు విమానాలే. వెనక తాళ్ళతో బిగించిన పెట్టెలు. ముక్కు ఎంత విసురుగా లేపినా పెట్టెలు ఒక్క మాట అనవు. దిగాక వచ్చి కాలు విరిగిందని ఏడవవు.

మాస్టారు పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలూ, ఆమె ఒక్కగానొక్క కూతురూ ఆయనతోనే ఉంటారు. మేనకోడలు మహా పొడగరి. అటక మీద సామాను దించాలంటే స్టూలు అక్కర్లేదు, ఆ పిల్లని పిలిస్తే చాలు. అందుకే మాస్టారు దాన్ని 'నిచ్చెనా' అని పిలిచేవారు. ఆ పిల్ల అదే కంపెనీలో విమానంలో ప్రయాణికుల్ని చూసుకునే ఉద్యోగానికి వెళ్ళినప్పుడు మాస్టారు ఒక షరతు పెట్టారు. "ఇంట్లో మావయ్యని. అక్కడ మాస్టారిని. మావయ్య సిఫారసుతో వచ్చిందని ఎవరి నోటా నేను వినకూడదు." ఇంటిపేర్లు ఎలాగూ వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కారిడార్లో ఎదురైతే, "నమస్కారం మాస్టారూ" అని ఎంతో వినయంగా అనేది. ఇంటికొచ్చాక ఆయన నడకని, ఆ గాంభీర్యాన్ని అనుకరిస్తూ తల్లిని నవ్వించేది.

ఓ మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది.

కుడికాలి చీలమండ మూడు ముక్కలైంది. లోపల ఇనుప పలక వేశారు. నడుస్తుంది గానీ విమానంలో గంటల తరబడి నిలబడి చేసే ఉద్యోగం ఇక మరిచిపోవాల్సిందేనని డాక్టరు, వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా చెప్పేశాడు. మేనకోడలు మంచం మీద పడుకుని పైకప్పుకేసి చూస్తోంది.

"బెల్టు లైటు వెలిగింది మావయ్యా. నేను వెనకాల, చిట్టచివర ఉన్నా. ట్రాలీకి కొక్కెం తగిలిస్తున్నా. అది తగిలించకుండా వెళ్ళి కూర్చుంటే, బండి వెళ్ళి ఎవరి మోకాళ్ళు విరగ్గొడుతుందో ఏంటో. ఇంకో రెండడుగులు వేస్తే నా సీటే. అంతలోనే నేల నన్ను కిందకి పీకేసింది. ఆ వెంటనే పైకి విసిరేసింది. తల పైకప్పుకి తగిలింది. అక్కడ ఒక్క క్షణం అలా ఆగిపోయా, నమ్ముతావా, నవ్వొచ్చింది కూడా. తర్వాత పడ్డా."

"గాలి అమ్మా. ఒక్కోసారి అలాగే..." అని సగంలో ఆపేశారు మాస్టారు.

చెల్లెలు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళింది. "అన్నయ్యా, గాలి గాలి అని అందరూ ఒకటే పాట పాడుతున్నారు. పైగా లైటు వెలిగాక నిలబడటం దీనిదే తప్పని రాస్తున్నారట. తప్పని రాస్తే ఆఫీసులో కూర్చునే పని కూడా ఇవ్వరట కదా. కాలూ పోయి, పేరూ పోయి, నా కూతురు ఏం కావాలి? నీకు తెలియని గాలా? ఏం జరిగిందో నువ్వు కనిపెట్టు."

కనిపెడతానని మాస్టారు చెల్లెలి చేతిలో చెయ్యేసి చెప్పారు. అప్పటికి ఆయన మనసులో వేరే ఏమీ లేదు, ఒట్టు.

రెండు రోజులకి భద్రతాధికారిణి ఆయన గదికి ఓ కవరు పంపింది. ఆమె కంపెనీలో ఎవరికీ తలవంచని మనిషి, ముక్కుసూటి. విమానంలోని రికార్డర్ గీసిన గీతల కాగితాలు, వాటితో పాటు చిత్తు నివేదిక. 'లైటు వెలిగినా నిలబడి ఉండటం ఉద్యోగిని అజాగ్రత్త' అని అందులో ఎవరో పుణ్యాత్ముడు రాసేశాడు. పక్కన ఆమె పెన్సిలుతో 'మీ అభిప్రాయం?' అని రాసింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని కాగితాలు పరిచారు. మొదట గాలి గీత. ఎదురుగాలి పెరిగిన మాట నిజమే, వేగం ముల్లు పైకి పోయిన మాటా నిజమే. కానీ ఆ గాలి ఇచ్చిన కుదుపు ఎంత? గ్లాసులో నీళ్ళు తొణికేంత. తర్వాత ఇంకో గీత చూశారు. ఆటోపైలట్ తీసేసినట్టు గుర్తు. స్టిక్ వెనక్కి. రెండు సెకన్లు. వదిలెయ్యడం. అక్కడ విమానం మొత్తం చేపలా ఎగిరిపడింది.

తన చేతిరాత తనకి తెలియదా? పేరు చూడకుండానే ఆ పైలట్ తన శిష్యుడని మాస్టారికి తెలిసిపోయింది. పేరు చూశాక గోడ మీద ఫొటో కూడా దొరికింది, ఎనిమిదో బ్యాచి, తన కుడిపక్కనే నిలబడి నవ్వుతున్నాడు.  కాగితాలు మడిచారు, మళ్ళీ విప్పారు, మళ్ళీ మడిచారు.

విచారణకి ముందు రోజు ఆ శిష్యుడే క్యాంటీన్లో ఆయన ఎదుట వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు భుజాల మీద నాలుగు గీతల కెప్టెన్. నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి.

"మీరు చెప్పినట్టే చేశా కదా మాస్టారూ? అలారం కూడా మోగలేదు." మార్కుల కోసం వచ్చిన విద్యార్థిలా అడిగాడు. "ఆ అమ్మాయి పడిపోయిందని దిగే దాకా నాకు తెలీదు. మన సిమ్యులేటర్లో ఎప్పుడూ ఎవరూ పడలేదు."

ఆ అమ్మాయి ఎవరో అతనికి తెలియదు. చెప్పడానికి మాస్టారికి నోరు రాలేదు. "విచారణలో నిజం చెప్పు" అన్నారు.

"ఏ నిజం మాస్టారూ?"

 మాస్టారు టీ చల్లారిపోయిందని వంక పెట్టి లేచి వెళ్ళిపోయారు.

విచారణ మూడో అంతస్తులో, పొడుగాటి బల్ల ఉన్న గదిలో జరిగింది. మేనకోడలు ఊతకర్ర పక్కన పెట్టుకుని ఓ చివర కూర్చుంది. ఆ చివర కెప్టెన్. మధ్యలో మాస్టారు, ఫొటోల్లోలాగే.

ఆయన అభిప్రాయం చెప్పారు. బాగా చెప్పారు, మాట తడబడకుండా. గాలి ఇచ్చిన కుదుపుకి ఎవరూ పడరని, పడగొట్టింది చెయ్యేనని, అంత ఎత్తున పల్చటి గాలిలో స్టిక్ కొంచెం కదిపినా తోక బారెడు ఎగురుతుందని, తోక దగ్గరున్న మనిషి నిలబడ్డా, వంగి కొక్కెం వేస్తున్నా తప్పించుకునే దారి లేదని చెప్పారు. ఉద్యోగిని తప్పు ఆవగింజంత కూడా లేదన్నారు. మేనకోడలు తల దించుకుని కళ్ళు తుడుచుకుంది.

భద్రతాధికారిణి కెప్టెన్ వైపు తిరిగింది. "పుస్తకంలో లేని పని చేశారు. పైగా ఇది వినండి." ఆమె టేపు పెట్టింది. పైలట్ల గదిలో మాటలు. గరగర. తర్వాత కెప్టెన్ గొంతు, ప్రశాంతంగా, పాఠం అప్పజెప్పినట్టు: "ఒకటి... రెండు... వదులు."

"ఏంటీ లెక్క?" అంది ఆమె. "ఎవరు నేర్పారు మీకిది?"

కెప్టెన్ మాస్టారి వైపు చూశాడు.  మాస్టారు బల్ల మీదున్న తన చేతులకేసి చూసుకున్నారు. నేనే అని ఒక్క మాట. రెండక్షరాలు. నాలుక మీద దాకా వచ్చింది కూడా. అంతలో గోడ మీది ఫొటోలు కళ్ళ ముందు తిరిగాయి, చెల్లెలి మొహం తిరిగింది. మాట వెనక్కి పోయింది.

"ఎవరూ నేర్పలేదండి" అన్నాడు కెప్టెన్. "భయపడి లాగాను. లెక్క... ఏదో అలవాటు."

చిత్తు నివేదికలోంచి అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. కెప్టెన్ భుజాల మీది గీతలు తీసేసి, మళ్ళీ మొదటి నుంచీ శిక్షణకి రావాలన్నారు. వస్తాడో, మానేస్తాడో అతనిష్టం. అతను మానేశాడు. వెళ్ళేముందు లిఫ్టు దగ్గర మాస్టారికి ఎదురుపడ్డాడు. కోపంగా ఏమీ లేడు. అదే మాస్టారికి భరించరాకుండా ఉంది.

"మీరు లేస్తారేమోనని ఒక్క నిమిషం చూశాను మాస్టారూ" అన్నాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఇంట్లో మాత్రం ఆ రోజు పండగే. చెల్లెలు అన్నగారి పళ్ళెంలో మారు అడక్కుండా వడ్డిస్తూనే ఉంది. "మా అన్నయ్య నోరు విప్పితే ఎదుటివాడు నోరు మూసుకోవాల్సిందే" అని పక్కింటావిడకి వినబడేలా అంది. మేనకోడలు, "నువ్వు లేకపోతే నా పని అయిపోయేది మావయ్యా" అంది. మాస్టారు మెతుకులు కెలుకుతూ కూర్చున్నారు. మెచ్చుకోళ్ళు అంత చేదుగా ఉంటాయని ఆయనకి ఏ పుస్తకమూ చెప్పలేదు.

మర్నాటి నుంచే ఆయన పాఠం మార్చేశారు. "ఆ పాత చిట్కా వద్దు. పుస్తకంలో ఉన్నట్టే చెయ్యండి" అన్నారు. ఎందుకని ఒకడు అడిగితే కసిరారు. మరి ఇప్పటికే నేర్చుకుని పైన తిరుగుతున్నవాళ్ళ సంగతి? వాళ్ళందరికీ ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. మొదటి వాక్యం 'నేను' అని మొదలెట్టాలి మరి.

ఆరు నెలలకి మేనకోడలికి శిక్షణ కేంద్రంలోనే ఉద్యోగం ఇచ్చారు. సిమ్యులేటర్ మెట్ల పక్కన, నీళ్ళ ఫిల్టరుకి ఎదురుగా చిన్న బల్ల. ఎవరు ఎప్పుడు లోపలికెళ్ళారో, ఎప్పుడు బయటికొచ్చారో రాసుకోవాలి. నలభై వేల అడుగుల నుంచి ఫిల్టరు పక్కకి. ఆ పిల్ల ఏనాడూ ఆ మాట అనలేదు. పైకెళ్ళే పైలట్ల బూట్ల చప్పుడు వింటూ కూర్చునేది, అంతే.

ఓ రోజు పొద్దున బ్యాచి రావడానికి ఇంకా అరగంట ఉంది. హాల్లో ఎవరూ లేరు. హాజరు కాగితాల అట్ట చంకలో పెట్టుకుని, ఊతకర్ర ఊనుకుంటూ మేనకోడలు ఒక్కో మెట్టూ ఎక్కి, సిమ్యులేటర్లో ఒంటరిగా ఉన్న మాస్టారి దగ్గరికి వచ్చింది.

"ఎవరూ లేరుగా, మావయ్యా అనొచ్చా?" అని నవ్వింది. "ఒక్కసారి కూర్చోబెట్టవూ? ఆ రోజు ఏం చేసుంటే నేను పడేదాన్ని కాదో చూడాలని ఉంది. చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటున్నా."

కాదనడానికి మాస్టారికి ఒక్క కారణం కూడా దొరకలేదు. కుడిసీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. ఊతకర్ర సీటు పక్కన ఆనించారు. ముప్ఫై తొమ్మిది వేల అడుగులు. నీలంగా ఆకాశం. నిమిషంలో ఎదురుగాలి పెరిగేట్టు పెట్టి, తను వచ్చి ఎడమసీట్లో కూర్చున్నారు.

"చూడమ్మా. గాలి వస్తుంది. ఈ ముల్లు పైకి పోతుంది. మనం కంగారు పడం. ఆటోపైలట్‌ని ముట్టుకోం. జోరు తగ్గిస్తాం, ఇదిగో ఈ మీటతో పలకలు లేపుతాం. విమానం తన పని తను చూసుకుంటుంది. ఇంతే."

"ఇంతేనా?" అంది ఆ పిల్ల. ఆ ఒక్క మాటలో ఆరు నెలలూ ఉన్నాయి.

గాలి వచ్చింది. ముల్లు లేచింది. పై గీతకి వెంట్రుకవాసి దూరం.

మాస్టారి బొటనవేలు ఎర్ర బొత్తాన్ని నొక్కింది. చెయ్యి స్టిక్‌ని వెనక్కి లాగింది. "ఒకటి... రెండు... వదులు" అంది ఆయన నోరు.

పెట్టె కొంచెం వెనక్కి వాలి సర్దుకుంది. ఊతకర్ర జారి నేల మీద పడి టంగుమంది. అలారం మోగలేదు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ మోగనట్టే.

మాస్టారు తన చేతికేసి చూసుకున్నారు, అదెవరిదో అన్నట్టు. ఆ పిల్ల కూడా ఆ చేతికేసే చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఆ లెక్క టేపులో విన్నా" అంది.

"నిచ్చెనా, అది..."

"అతను నీ పేరు చెప్పలేదు."

"చెప్పలేదు."

"నువ్వూ చెప్పలేదు."

 మాస్టారికి ఏడుపు వచ్చింది గానీ, ఆ పిల్ల ముందు ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది. పడిన ఊతకర్ర అందుకోబోయారు.

"ముట్టుకోకండి." తనే బెల్టు విప్పుకుంది. సీటు పట్టుకుని వంగి, పళ్ళు బిగబట్టి కర్ర తీసుకుంది. లేచి నిలబడితే తల పైకప్పుని తాకినంత పని అయింది. వెనక్కి తిరిగి తలుపు కేసి చూసింది. తలుపు అవతల ఇనుప వంతెన, మెట్లు, తన బల్ల.

"ఈ లెక్క ఎంతమందికి నేర్పారు?"

"మూడు వందల పైనే."

"ఇప్పుడు, ఈ క్షణాన, వాళ్ళలో ఎంతమంది పైన ఉన్నారు?"

ఆయనకి తెలియదు. ఆమెకి తెలిసినవి వేరే. ట్రాలీ కొక్కెం దగ్గర వంగి ఉన్నవాళ్ళు, చంటిపిల్లకి పాలు కలుపుతున్నవాళ్ళు, సీటుకి ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నవాళ్ళు. అందరూ ఆమె స్నేహితులే, పేరు పేరునా తెలిసినవాళ్ళే.

హాజరు కాగితాల అట్టలోంచి పై కాగితం తీసింది. తిరగేసి, తెల్లగా ఉన్న వైపు మాస్టారి ఒళ్ళో పెట్టింది. జేబులోంచి పెన్ను తీసి దాని మీద ఉంచింది.

"అందరికీ వెళ్ళాలి. మీ పేరుతో. ఏం నేర్పారో, అది ఎందుకు తప్పో, ఎవరిని పడగొట్టిందో. నన్నూ, అతన్నీ."

"రాస్తానమ్మా. నువ్వు ముందు కూర్చో. కాలు వాస్తుంది."

కింద హాలు తలుపు తెరుచుకుంది. బ్యాచి వచ్చినట్టుంది, బూట్ల చప్పుడు, నవ్వులు. ఆమె తలుపుకి అడ్డంగా, ఊతకర్ర మీద బరువంతా వేసి కదలకుండా నిలుచుంది.

"ఆ రోజూ నిలబడే ఉన్నాను" అంది. "రాయండి మాస్టారూ."